పులుసు మీద తేలే నూనె ఏం చెబుతుంది?

నెల్లూరు తీరంలో ఒకే చెరువులో పెరిగిన రొయ్యలకు రెండు రకాల బతుకులు రాసిపెట్టి ఉంటాయి. ఐరోపాకు వెళ్ళాల్సిన రొయ్యకు తనిఖీ చెరువు గట్టు మీదే మొదలవుతుంది. పట్టుబడికి ముందే నమూనా ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ) ల్యాబుకు పోవాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధిత మందుల ఆనవాలు లేదని తేలితేనే ధ్రువపత్రం చేతికొస్తుంది. అటుపైన అక్కడి రేవులో దిగాక కూడా పెట్టె విప్పి చూసే అధికారం వాళ్ళకుంది. తేడా వస్తే కంటైనర్ మొత్తం వెనక్కి. అదే చెరువులో సైజు రాని రొయ్య, మెత్తబడిన రొయ్య, తల ఊడిన రొయ్య ఊళ్ళో మార్కెట్‌కి వచ్చి, ఏదో మెస్సులో వేపుడై మన విస్తట్లో పడుతుంది. దానికి ఏ కాగితమూ ఉండదు. మన కన్నూ ముక్కూ నాలుకే దాని ల్యాబు.

ఈ ల్యాబు ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడ ప్రశ్న. అన్నీ పసిగట్టేయవచ్చని చెప్పే వీడియోలు ఫోన్లో రోజూ వస్తుంటాయి. ఏదీ పసిగట్టలేం, బయట తినడమే మానేయాలనే వాళ్ళూ ఉన్నారు. రెండూ నిజం కాదు. కొన్నింటిని టేబుల్ దగ్గరే తేలిగ్గా పట్టుకోవచ్చు. కొన్నింటిని ఎంత నాలుకగల వాడైనా పట్టుకోలేడు. ఏవి ఏ కోవలోవో తెలిస్తే అనవసరపు భయమూ తగ్గుతుంది, అవసరమైన చోట అనుమానమూ నిలుస్తుంది.

ముందు రంగుల సంగతి. హోటల్ తిండిలో మన కంటికి అన్నిటికంటే తేలిగ్గా దొరికే దొంగ ఇదే, కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

మన దేశంలో తిండిలో వాడటానికి చట్టం ఒప్పుకున్న కృత్రిమ రంగులు ఎనిమిదే. టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో, కార్మోయిసిన్, పొన్సో 4ఆర్, ఎరిత్రోసిన్, ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ, ఫాస్ట్ గ్రీన్. అవైనా కొన్ని రకాల మిఠాయిలు, ఐస్‌క్రీములు, బిస్కెట్లు, శీతల పానీయాల వంటి వాటిలోనే. వాటిల్లోనూ చాలావాటికి కేజీకి 100 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే పది కేజీల మిఠాయికి ఒక్క గ్రాము. చిటికెతో డబ్బాలోంచి తీసి చల్లే వంట మాస్టర్ చేతిలో ఈ లెక్క నిలవడం కష్టం. ఇక బిర్యానీ, చికెన్ 65, మంచూరియా, కబాబ్, చేపల వేపుడు వంటి వండిన పదార్థాల్లో కృత్రిమ రంగు ఒక్క చిటికెడు కూడా వేయడానికి వీల్లేదు. ఈ మాట గుర్తుంటే పని సగం తేలికవుతుంది. మంచూరియాలో ఉన్నది అనుమతించిన రంగా, బట్టలకు వేసే రోడమిన్-బీనా అని మనం తేల్చక్కర్లేదు. రంగు పొడి ఉందా లేదా అన్నది తెలిస్తే చాలు, ఉంటే తప్పే.

ఈ తప్పు ఎంత మామూలైపోయిందో పక్క రాష్ట్రం లెక్కలు చెబుతాయి. 2024 మార్చిలో కర్ణాటక ఆరోగ్య శాఖ గోబీ మంచూరియా నమూనాలు 171 తీసి పరీక్షిస్తే 107 నమూనాల్లో వాడకూడని రంగులు బయటపడ్డాయి. దానికి ముందు నెలలోనే పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు రోడమిన్-బీ దొరికిందని పీచు మిఠాయిని నిషేధించాయి. అదే ఏడాది జూన్‌లో కర్ణాటక కబాబుల్లో రంగులనూ ఆపేసింది. నెల్లూరు నుంచి తమిళనాడు సరిహద్దు ఎంత దూరం? అక్కడి బళ్ళ మీద వాడిన డబ్బాలు తడ చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతాయని నమ్మడానికి నాకైతే ఏ కారణమూ కనిపించదు.

ఇప్పుడు పరీక్ష సంగతి. మిరప ఎరుపు, పసుపు పచ్చదనం రెండూ నూనెలో కరిగే గుణం ఉన్నవి, నీళ్ళలో సరిగ్గా కరగవు. హోటళ్ళలో వాడే రంగు పొడులు దాదాపు అన్నీ దీనికి తిరగబడి ఉంటాయి. నీళ్ళలో ఇట్టే కరుగుతాయి, నూనెలోకి పోవు. ఈ ఒక్క తేడా మీద ఆధారపడి టేబుల్ దగ్గరే రెండు పనులు చేయవచ్చు.

ఒకటి, చేపల పులుసు గిన్నెలోకి తొంగి చూడటం. నెల్లూరు పులుసు మీద నూనె తేలాల్సిందే, తేలకపోతే అది నెల్లూరు పులుసు కాదు. కారంతో వచ్చిన ఎరుపైతే పైన తేలే నూనె నిగనిగలాడే ఎరుపులో ఉంటుంది, కింద పులుసు చింతపండు గోధుమరంగులోకి తిరిగి ఉంటుంది. పైన నూనె లేత పసుపుగా వెలిసిపోయి, కింద పులుసు మాత్రం ఎర్ర సిరాలా మెరుస్తోందంటే ఆ ఎరుపు మిరపకాయది కాదని గట్టిగా అనుమానించవచ్చు.

రెండోది, మంచూరియా ముక్కనో చికెన్ 65 ముక్కనో గ్లాసు నీళ్ళలో వేసి రెండు నిమిషాలు కదపకుండా ఉంచడం. కారం, పసుపు అయితే నలుసులు అడుగుకు దిగుతాయి, నూనె చుక్కలు పైకి తేలతాయి, మధ్యలో నీళ్ళు కాస్త మసకబారతాయి. రంగు పొడి అయితే నీళ్ళు షర్బత్‌లా స్వచ్ఛంగా, ఒకే తీరుగా నారింజకో ఎరుపుకో తిరుగుతాయి. ముక్కను చీల్చి చూసినా కొంత తెలుస్తుంది. నీళ్ళలో కరిగే రంగు నానబెట్టినప్పుడు మాంసంలోకి దిగిపోతుంది. కారం మాత్రం పై పొరకే అంటుకుని ఉంటుంది.

ఇవి రుజువులు కావు, అనుమానాన్ని బలపరిచే గుర్తులు మాత్రమే. బీట్‌రూట్ రంగు కూడా నీళ్ళలో కరుగుతుంది. మంచూరియాలో పోసిన ఎర్ర చిల్లీ సాస్ సీసా వెనక చూస్తే దానిలోనూ రంగు కలిపినట్టు రాసి ఉండొచ్చు. పై పరీక్షకు దొరకనివీ ఉన్నాయి. తిండిలో నిషేధించిన సూడాన్ రంగులు నూనెలోనే కరుగుతాయి కాబట్టి అవి వేసిన కారం పొడి నూనెను అందంగా ఎరుపెక్కిస్తుంది, మన కన్ను మోసపోతుంది. 2003లో ఫ్రాన్స్‌లో మన దేశపు మిరప పొడిలో సూడాన్-1 దొరికాకే ఐరోపా గట్టిగా బిగించింది. 2005లో బ్రిటన్‌లో ఆ కారంతో చేసిన ఒక సాస్ వల్ల వందల రకాల సరుకులు దుకాణాల నుంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. ఎగుమతి కారానికి పరీక్ష తప్పనిసరి చేశారు. రొయ్య కథే మళ్ళీ ఇక్కడ, కాపలా అంతా ఓడ ఎక్కే సరుకుకే.

ల్యాబులో రంగును ఎలా పడతారో తెలిస్తే బాగుంటుంది, అంత గొప్ప యంత్రాలతో మొదలయ్యే పని కాదది. పదార్థం నుంచి తీసిన రంగు నీటిలో కాస్త ఆమ్లం కలిపి, తెల్లటి ఉన్ని దారం వేసి మరగబెడతారు. కృత్రిమ రంగు ఉన్నిని గట్టిగా పట్టుకుంటుంది, సహజ రంగులు చాలావరకు కడిగితే పోతాయి. ఆ దారం నుంచి రంగును అమోనియాతో విడిపించి, కాగితం మీద పాకించి, అది ఏ రంగో తేలుస్తారు. బట్టకు అద్దే గుణమే దాన్ని పట్టిస్తుందన్నమాట.

పసుపు విషయంలో ఒక మాట. మెటానిల్ యెల్లో అనే నిషేధిత రంగును నిమ్మకాయ పిండి కనిపెట్టవచ్చని ఒక ప్రచారం ఉంది. అది గులాబీ రంగులోకి తిరగాలంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్ లాంటి ఘాటైన ఆమ్లం కావాలి, నిమ్మరసం బలం చాలదు. కాబట్టి పప్పు మీద నిమ్మకాయ పిండి, రంగు మారలేదని నిశ్చింతగా తినేయడంలో అర్థం లేదు. తిరగేసి చూస్తే పనికొచ్చే పరీక్ష ఒకటి చేతులు కడుక్కునే చోటే ఉంది. వేలికంటిన పచ్చదనం మీద సబ్బు రుద్దితే ఇటుక ఎరుపులోకి తిరిగిందా, అందులో నిజమైన పసుపు ఉన్నట్టే. సబ్బు తగిలినా నిమ్మపండు పచ్చగానే నిలిచిందా, అది వేరే సరుకు. బిర్యానీ తిన్నాక ఈ పని చేసి చూడండి. మెతుకుల్లో సగం తెల్లగా సగం పచ్చగా ఉన్నాయి కాబట్టి కుంకుమపువ్వే అనుకోవడం మాత్రం పొరపాటు, రంగు నీళ్ళు చల్లినా అలాగే వస్తుంది. కుంకుమపువ్వుకు వాసన ఉంటుంది, డబ్బా రంగుకు ఉండదు.

ఇదే సూత్రం నెల్లూరు దగ్గరి మైపాడు బీచిలో బజ్జీ తినేటప్పుడు కూడా పనికొస్తుంది. పసుపు కలిపిన శనగపిండిలో వంట సోడా ఎక్కువ పడితే అక్కడక్కడా ఎర్రటి మచ్చలు లేస్తాయి. సబ్బు చేసే పనే సోడా చేసింది. సోడా విషమేమీ కాదు గానీ చేయి జారితే నాలుక మీద సబ్బు జారుడు, చివర్లో చిన్న చేదు. అలసందలూ శనగలూ పేస్టులా మెత్తబడి తొక్కలు విడిపోవడం కూడా దాని గుర్తే. అంతకుమించి దాని గురించి చెప్పుకోవాల్సింది లేదు.

పులుసు దగ్గరికి మళ్ళీ వద్దాం. నెల్లూరు పులుసు ప్రాణం పులుపులో ఉంది. చింతపండు, మామిడికాయ ముక్క, నిన్న వండి ఇవాళ తింటే ఇంకాస్త ముదిరే రుచి. చింతపండు పిసికి, గుజ్జు తీసి, మరిగించడానికి సమయమూ ఖర్చూ రెండూ కావాలి. నిమ్మ ఉప్పు చెంచాడు పడేస్తే పులుపు క్షణంలో వస్తుంది. నిమ్మ ఉప్పంటే సిట్రిక్ యాసిడే. ఫ్యాక్టరీల్లో నల్ల బూజు లాంటి ఒక శిలీంధ్రాన్ని చక్కెర ద్రావణంలో పెంచి తయారుచేస్తారు. అనేక తినుబండారాల్లో చట్టబద్ధంగానే వాడతారు, ఆరోగ్యానికి దానివల్ల పెద్ద ముప్పేం లేదు. ఇక్కడ పోయేది ఆరోగ్యం కంటే డబ్బూ రుచీ. చింతపండు పులుసు ధర కట్టి నిమ్మ ఉప్పు నీళ్ళు తాగుతున్నాం.

దీన్ని నాలుక పట్టుకోగలదు. చింతపండులో ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్. దానితోపాటే చక్కెరలూ గుజ్జూ ఉంటాయి కాబట్టి పులుపు మెల్లగా ఎక్కి, కాస్త తీపి తగిలించి, మింగాక కూడా కాసేపు నిలుస్తుంది. నిమ్మ ఉప్పు పులుపు నాలుక అంచుల మీద చురుక్కుమని తగిలి వెంటనే చప్పబడుతుంది. ఇంకో గుర్తు కూడా ఉంది, ఒక మోసం మరో రెండింటిని లాక్కొస్తుంది. గుజ్జు లేదు కాబట్టి పులుసు పల్చబడుతుంది, చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్ కావాలి. చింతపండు గోధుమరంగు లేదు కాబట్టి రంగు కావాలి. చల్లారాక జెల్లీలా సన్నగా సాగే పులుసు, మెరిసే ఎరుపు, చురుక్కుమనే పులుపు, ఈ మూడూ ఒకే గిన్నెలో కలిసి కనిపిస్తే ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

రొయ్య దగ్గర అనుమానాలు ఎక్కువ, అందులో సగం తప్పుడువి. ఉడికిన రొయ్య నారింజ రంగులోకి తిరిగిందని రంగేశారనుకునే వాళ్ళున్నారు. ఆ రంగు రొయ్యలోనే ఉంది. ఆస్టాగ్జాంథిన్ అనే సహజ వర్ణం పచ్చి రొయ్యలో ఒక ప్రొటీన్‌కు అతుక్కుని నీలి బూడిద రంగులో దాక్కుని ఉంటుంది. వేడికి ప్రొటీన్ విడిపోగానే బయటపడుతుంది. రొయ్య తల దగ్గర, గుల్ల అంచుల్లో నల్లమచ్చ చూసి కుళ్ళిందని పక్కన పెట్టేవాళ్ళూ ఉన్నారు. చనిపోయాక రొయ్య ఒంట్లోని ఒక ఎంజైమ్ గాలి తగిలి చేసే పని అది, వంకాయ కోస్తే నల్లబడటానికి కారణం లాంటిదే. కొద్దిపాటి మచ్చ వల్ల ప్రమాదం లేదు. అసలు చిక్కు ఆ మచ్చ రాకుండా చేయడంలో ఉంది. సోడియం మెటాబైసల్ఫైట్ పొడి కలిపిన నీళ్ళలో ముంచి తీస్తే రొయ్య తళతళలాడుతూ ఉంటుంది. ఇది అనుమతించిన పద్ధతే, అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం పచ్చి రొయ్య తినే భాగంలో సల్ఫర్ డయాక్సైడ్ కేజీకి 100 మిల్లీగ్రాములు, ఉడికించిన దానిలో 30 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ పొడిని తూకమేసి, నిమిషాలు లెక్కపెట్టి ముంచేవాళ్ళు ప్లాంటులో ఉంటారు. ట్రక్కు దగ్గర బకెట్లో గుప్పెడు వేసి కలిపే చోట ఆ లెక్క ఎవరు చూస్తారు?

సల్ఫైట్ అందరికీ ప్రమాదం కాదు. ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరికి మాత్రం కాస్తంత తగిలినా ఊపిరి బిగుసుకుంటుంది. అమెరికాలో హోటళ్ళ సలాడ్ బల్లల మీద ఆకుకూరలు వాడిపోకుండా ఇదే చల్లేవారు. దానివల్ల మరణాలు సంభవించాక 1986లో పచ్చిగా తినే పండ్లు, కూరగాయల మీద దాన్ని నిషేధించారు. మన దేశంలోనూ కేజీకి 10 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే ప్యాకెట్ మీద అలర్జీ కారకంగా రాయాలి. మెస్సులో వేపుడుకు ప్యాకెట్ ఉండదు. ఇంట్లో ఉబ్బసం మనిషి ఉంటే రొయ్యల వేపుడు ప్లేటు దగ్గరికి రాగానే అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు వాసన తగులుతోందేమో చూసుకోవాలి. అయితే మసాలా అంతా పట్టిన వేపుడులో ఆ వాసన దొరకడం అరుదు. తిన్న కొద్దిసేపటికే ఛాతీ పట్టేస్తే డాక్టరుకు రొయ్య తిన్న సంగతి తప్పక చెప్పాలి.

ఇంకో మందు నీళ్ళను పట్టి ఉంచే పాలీఫాస్ఫేటు. తొక్క తీసి ఫ్రీజ్ చేసే రొయ్య ఎండిపోకుండా కొద్దిగా వాడతారు. ఎక్కువ వాడితే రొయ్య బరువు పెరుగుతుంది, ఆ నీళ్ళకు కూడా మనం రొయ్య రేటే కడతాం. అలాంటి రొయ్య పచ్చిగా గాజులా పారదర్శకంగా ఉంటుంది. పెనం మీద నీళ్ళు వదిలి బాగా ముడుచుకుంటుంది. పళ్ళకింద రబ్బరు బంతిలా ఎగురుతుంది గానీ రొయ్య తీపి మాత్రం ఉండదు. రబ్బరులా ఉందని ప్రతిసారీ మందు మీదికి తోసేయలేం, ఎక్కువసేపు వేయించినా అలాగే అవుతుంది.

చేపలో ఫార్మాలిన్ భయం 2018లో మన రాష్ట్రాన్నే చుట్టుకుంది. ఆ జులైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేప మీద పది రోజులు నిషేధం పెట్టింది. అంతకుముందు నెలలో కేరళ సరిహద్దుల దగ్గర చేపల లారీలు ఆపి పరీక్షించడం మొదలుపెట్టింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ అప్పటికే చేప ఒంటి మీద కాగితపు పట్టీ రుద్ది, ఒక చుక్క ద్రావణం వేసి, రంగు మారడాన్ని బట్టి ఫార్మాలిన్ ఉందో లేదో చెప్పే కిట్టు తయారుచేసి ఉంది. ఆ పట్టీ పచ్చి చేపకే పనికొస్తుంది. పులుసులో ఉడికాక మన దగ్గర ఏ దారీ లేదు. కాబట్టి బీచి దగ్గర వేయించే ముందే చేపను చూపించే కొట్టు అయితే అడిగి చూడండి. "అన్నా, వంజరం ఎప్పటిది? ఒకసారి మొప్పలు ఎత్తి చూపించు." తాజా చేపకు కన్ను ఉబ్బి తేటగా, మొప్ప ఎర్రగా ఉంటాయి. కన్ను లోపలికి పోయి, మొప్ప పాలిపోయి, అయినా వాసన రావడం లేదు, ఒళ్ళు చెక్కలా బిగుసుకుపోయి ఉందంటే ఆ పొంతన కుదరకపోవడమే హెచ్చరిక. ఫార్మాలిన్‌లోని ఫార్మాల్డిహైడ్ ప్రొటీన్లను కట్టేసి బిగిస్తుంది, పాత చేపకు కొత్త బిగువు అలా వస్తుంది. ఈగలు వాలలేదంటే మందు కొట్టినట్టే అనే మాటను మాత్రం నమ్మొద్దు, ఐసు చలికీ గాలికీ కూడా ఈగలు వాలవు.

ఐసు మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. చేపల పెట్టెల్లో వేసే ఐసు తినడానికి చేసింది కాదు. చెరకు రసం గ్లాసులోకి ఆ దిమ్మే రాకుండా 2018లో మహారాష్ట్ర తినకూడని ఐసుకు నీలం రంగు కలపాలని ఆదేశించింది. ఇన్ని రంగుల మధ్య మేలు కోసం వేసిన రంగు ఇదొక్కటే కాబోలు.

ఇక అందరూ మొదట అడిగేది అజినొమోటో. నేను కావాలనే చివరికి తోశాను. హోటల్ తిండి పేరెత్తితే మనకున్న భయంలో సగం దీనికే ఖర్చవుతుంది, అంత విలువ దానికి లేదు. 1908లో టోక్యోలో కికునే ఇకెడా సముద్రపు నాచు రసం నుంచి విడదీసిన రుచి అది. టమాటాలో, పుట్టగొడుగులో, మన ఎండు రొయ్యల పొడిలో సహజంగా ఉండే గ్లూటమేటే. 1968లో అమెరికాలో ఒక వైద్య పత్రికకు ఒక డాక్టరు లేఖ రాశాడు. చైనా హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరి, గుండెదడ వస్తున్నాయని, కారణం వంటలో పోసే మద్యమా, ఉప్పా, ఎంఎస్‌జీనా (అంటే మన అజినొమోటోనా) అని అడిగాడు. మూడింట్లో జనం ఎంఎస్‌జీనే పట్టుకున్నారు. 1987లో అంతర్జాతీయ నిపుణుల సంఘం దానికి రోజువారీ పరిమితి నిర్దేశించాల్సిన అవసరం లేదంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో మాత్రం ఒంటి బరువు కేజీకి రోజుకు 30 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది, 60 కేజీల మనిషికి 1.8 గ్రాములు. ఫాస్ట్‌ఫుడ్ బండి మీద చెంచాలతో పోసే చోట ఇది దాటవచ్చు. అప్పుడు కొందరికి కాసేపు తలనొప్పీ ముఖం వేడెక్కడమూ ఉండొచ్చు. దాన్ని నాలుకతో కనిపెట్టలేం, మంచి ఎండు రొయ్యల ఇగురు కూడా అదే రుచి ఇస్తుంది. ఫ్రైడ్ రైస్ తిన్న రాత్రి దాహంతో లేచి కూర్చుంటే మొదట నిందించాల్సింది మామూలు ఉప్పునే. అజినొమోటోలో సోడియం 12 శాతం, ఉప్పులో 39 శాతం.

అయితే పసిగట్టలేని వాటికి ఏం చేయాలి? ఆర్డరిచ్చే ముందు అడగడం పరీక్షలన్నిటికంటే గట్టిది. "రంగు లేకుండా వేయించి పెట్టగలవా అబ్బయా?" అని అడిగి చూడండి. వెంటనే సరేనంటే మసాలా అప్పుడే పట్టిస్తున్నాడని, కుదరదంటే పొద్దున్నే కలిపి పెట్టాడని తెలిసిపోతుంది. బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉందేమో చూడండి, 2022 నుంచి అది తప్పనిసరి. ఆ నంబరుతోనే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఆహార భద్రతా అధికారి వస్తే నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు, విశ్లేషకుడు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి.

అధికారి రాకపోయినా ఒక దారి ఉంది, దాని సంగతి హోటల్ వాళ్ళకూ తెలియదు, తినేవాళ్ళకూ తెలియదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ కింద కొన్నవాళ్ళెవరైనా తామే నమూనాను ప్రభుత్వ ఆహార విశ్లేషకుడికి రుసుము కట్టి పరీక్షకు ఇవ్వవచ్చు. కొనేటప్పుడే అమ్మేవాడికి ఆ సంగతి చెప్పాలన్నది ఒక్కటే షరతు. నమూనా చట్టానికి విరుద్ధమని తేలితే కట్టిన రుసుము తిరిగొస్తుంది, నివేదిక జిల్లా అధికారికి చేరి చర్య మొదలవుతుంది. వండిన తిండి దారిలో పాడవుతుంది కాబట్టి పులుసు కంటే రంగు పట్టించిన పచ్చి మాంసం ముక్కలో, ఆ రంగు డబ్బాలోని పొడో దీనికి బాగా పనికొస్తాయి.